ముందు మీటరు, తర్వాతే కిట్టు

ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలని ఉంది, ఏ కిట్ కొనమంటారు అని మా కొండాపూర్‌లో నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. కిట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక మల్టీమీటర్ కొనండి అంటాను. కొందరికి ఆ జవాబు రుచించదు. అయినా నా మాట మార్చుకోను.

అలాంటి కిట్లలో వచ్చే ఆర్డునో మీద నాకే కోపమూ లేదు. 2005లో ఇటలీలోని ఇవ్రెయాలో డిజైన్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని చేసిన బోర్డు అది. ఎలక్ట్రానిక్స్ అంటే జంకే ఎందరికో దారి చూపింది. కానీ పొద్దస్తమానం కోడ్ రాసే మనిషి చేతికి దాన్నిస్తే మళ్లీ కోడే రాస్తాడు. లైటు వెలుగుతుంది, ఆరుతుంది. ఆ లైటు పక్కన రెసిస్టర్ ఎందుకుందో, తీసేస్తే ఏమవుతుందో తెలియకుండానే తర్వాతి పాఠానికి వెళ్లిపోతాడు. నేర్చుకోవాల్సింది ఆ రెసిస్టర్ దగ్గరే ఉందని నా నమ్మకం.

9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్. మొదటి పాఠానికి ఇవి చాలు. రెసిస్టర్ ఒంటిమీద పసుపు, ఊదా, గోధుమ గీతలుంటాయి: నాలుగు, ఏడు, పక్కన ఒక సున్నా. చివర బంగారు గీత ఉంటే విలువ ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చని అర్థం. ఎర్ర ఎల్‌ఈడీ తన వంతుగా సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన ఏడును 470తో భాగిస్తే దాదాపు 15 మిల్లీఆంపియర్లు. ఎంసెట్‌లో ఇలాంటి లెక్కను అర నిమిషంలో కానిచ్చినవాళ్లు మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నిండా ఉన్నారు. ఆ పదిహేనును మీటరు మీద కళ్లారా చూసినవాళ్లు తక్కువ. సర్క్యూట్‌ను ఒకచోట తెంపి, ఆ సందులో మీటరు కలిపి చూడండి. తర్వాత రెండో ఎల్‌ఈడీని వరుసలో చేర్చండి. అంకె పది దరిదాపులకు పడిపోతుంది. ఎందుకు పడిందో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత పట్టుకోవాల్సింది 555 టైమర్ ఐసీ. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ కామెన్‌జిండ్ అనే ఇంజినీరు అమెరికాలోని సిగ్నెటిక్స్ కంపెనీ కోసం 1971లో దీన్ని రూపొందించాడు. 1972లో మార్కెట్లోకి వచ్చింది, యాభై ఏళ్లు దాటినా తయారవుతూనే ఉంది. బ్రెడ్‌బోర్డ్ నడిమి గాడికి అటు నాలుగు కాళ్లు, ఇటు నాలుగు కాళ్లు పడేలా గుచ్చాలి. నాలుగు, ఎనిమిది ప్లస్‌కు, ఒకటి మైనస్‌కు. ప్లస్‌కూ ఏడో కాలికీ మధ్య 10 కె రెసిస్టర్, ఏడుకూ ఆరుకూ మధ్య 68 కె. ఆరూ రెండూ కలిపేసి, అక్కడి నుంచి మైనస్‌కు 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్. దాని ఒంటిమీద చార ఉన్న వైపే మైనస్. మూడో కాలి నుంచి మైనస్‌కు, మధ్యలో రెసిస్టర్‌తో, ఎల్‌ఈడీ.

లైటు ఐదు సెకన్ల చొప్పున వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఇప్పుడు మీటరు కొనలు కెపాసిటర్ మీద పెట్టండి. అంకెలు 3 దగ్గర మొదలై పైకి పాకుతాయి, మొదట గబగబా, పోనుపోను నిదానంగా. 6 తాకగానే లైటు ఆరిపోతుంది, అంకెలు దిగడం మొదలెడతాయి. 3కు రాగానే మళ్లీ వెలుగు. ఐసీ లోపల మూడు సమానమైన రెసిస్టర్లు బ్యాటరీ వోల్టేజీని మూడు వాటాలు వేస్తాయి. ఒక వాటా దగ్గర కింది హద్దు, రెండు వాటాల దగ్గర పై హద్దు. అందుకే బ్యాటరీ నీరసించి 9 కాస్తా 7 అయినా, హద్దులు రెండూ దాంతోపాటే దిగుతాయి. వెలిగి ఆరే వేగం దాదాపు మారదు. ఈ సంగతి బుర్రకెక్కినప్పుడు కామెన్‌జిండ్ మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది. ప్రోగ్రాము ఆగితే ఏ లైనులో ఆగిందో చాలాసార్లు తెరమీదే కనిపిస్తుంది. సర్క్యూట్ ఏమీ చెప్పదు, ఊరికే పడి ఉంటుంది. అప్పుడు వైర్లన్నీ పీకేసి మళ్లీ మొదలెట్టడం దండగ. బ్యాటరీ దగ్గర 9 ఉందా, ఎనిమిదో కాలి దగ్గర ఉందా, మూడో కాలి దగ్గర ఏముంది అని ఒక్కో చోటా మీటరు పెట్టుకుంటూ రావాలి. ఉండాల్సినది ఎక్కడ లేదో అక్కడే జబ్బు.

సామాను ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, నిజమే. అయినా ఒక్కసారి కోఠీలోని గుజరాతీ గల్లీ చూడాల్సిందే. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే నడిచిపోవచ్చు. అక్కడ బేరమంతా నంబర్లలోనే: 555, 7805, బీసీ 547. కొలతలు తెలిసి వెళితే నిమిషాల్లో పని అయిపోతుంది. తెలియకుండా వెళితే నిలబడి నాలుగు మాటలు విన్నా లాభమే.

హైటెక్ సిటీ లేని రోజుల్లోనే మా హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ ఊరు. 1967లో ఈసీఐఎల్ ఇక్కడే మొదలైంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీదే ఏఎస్ రావు నగర్ ఉంది. 1969కల్లా ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారు చేసింది. తర్వాత టీవీలు, ఓటింగ్ యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు మనకు పక్కనే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023 మార్చిలో ప్రారంభమైంది. ఆలోచనను వస్తువుగా చేసి చూసుకోవాలనుకునేవాళ్ల కోసం కట్టిన చోటు అది. చేయదలచుకున్నదేమిటో తేల్చుకుని వెళ్లినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

ఒక్క హెచ్చరిక. కొత్తలో బ్యాటరీ దాటి పోకండి. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి వెళ్లొద్దు, చార్జర్లు విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. లెక్క కాగితం మీద వాళ్లనే వేయనివ్వండి, మీటరు కూడా వాళ్లనే పట్టనివ్వండి. రెండు అంకెలూ కలవకపోతే కారణం మీరు చెప్పేయకండి, వెతకనివ్వండి.