అర్దళం ముఖాలు

పోయిన ఆదివారం సికింద్రాబాద్‌లో యక్షగానం ఉందంటే ఈ కాలమ్ రాసే పెద్దమనిషి ముందు వరసలోనే కూర్చున్నాడు. కాసేపటికే చిరాకెత్తింది. ఎల్‌ఈడీ వెలుతురులో హిరణ్యకశిపుడి ముఖం మైదాపిండి అద్దినట్టు తెల్లగా ఉంది. కోపం ఆ పాన్‌కేక్ మేకప్ మీదికి మళ్లింది.

అర్దళం ఏమైపోయినట్టు?

ఆయన చిన్నతనంలో ఊళ్లో ఆట ఉందంటే సాయంత్రమే తెర వెనక్కి దూరేవాడు. ముసలి భాగవతారు కల్వంలో అర్దళం అనే పసుపుపచ్చటి రాయి నూరుతుండేవాడు. పొరలు పొరలుగా ఊడొచ్చే రాయి అది. గోటితో గీస్తే గీత పడేది, విరిచిన చోట బంగారంలా తళుక్కుమనేది. మూలికల కొట్లో దాన్నే పత్రతాళకం అంటారు. ఆ పొడి కలిపి ముఖమంతా పట్టించి, కాటుకతో కళ్లు దిద్దుకుని భాగవతారు ఆముదం దివిటీల ముందుకొచ్చేవాడు. పక్కవాడు మంట మీద గుప్పెడు గుగ్గిలం చల్లేవాడు. భగ్గుమన్న ఆ వెలుగులో పొద్దున ఊళ్లో కనిపించిన మనిషిని పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

వీధినాటకాల్లోనూ, కూచిపూడి భాగవతుల వేషాల్లోనూ ఈ రంగే. కథకళి నటులు కొబ్బరినూనెతో నూరుకునే మనయోల కూడా ఇదే రాయి. మనవాళ్లెందుకు వదిలేశారని మన పెద్దమనిషి అక్కడే మనసులో వ్యాసం కట్టేసుకున్నాడు.

ఆట అయ్యాక తెర పక్కన ప్రహ్లాదుడు కనిపించాడు. పదేళ్లుండవు. మూతి చుట్టూ కారిన రంగుతో సహా లడ్డూ నములుతున్నాడు.

ఆ మూతి మీది రంగు అర్దళమే అయ్యుంటే? అర్దళంలో గంధకం పోగా, బరువులో నూటికి 61 పాళ్లు ఆర్సెనిక్కే. దాన్ని నోటికి తగలనివ్వొద్దని ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని 1400 ప్రాంతంలోనే తోటి చిత్రకారులను హెచ్చరించాడు. వాళ్లు పూసింది పలకల మీద. మన భాగవతులు చెమటలు కారే ముఖాలకు పూసుకుని తెల్లవార్లూ నోరారా పాడారు. పైగా వెలుతురు సోకేకొద్దీ అర్దళం మెల్లగా తెల్లపాషాణంగా మారుతుంది. నీళ్లలో ఇంకాస్త తేలిగ్గా కరిగే ఆ పాషాణం మరీ ప్రమాదం.

అందుకని పాన్‌కేక్‌నే ఉండనివ్వండి. పసుపు ఛాయ కావాలంటే ఐరన్ ఆక్సైడ్ పసుపు కలిసిన మేకప్ దొరుకుతుంది. హాలువాళ్లు తెల్ల లైట్లు సగం ఆర్పి, మిగతా వాటికి పసుపు జిలెటిన్ కాగితం కడితే ఖర్చు కూడా పెద్దగా ఉండదు.