పండోరాది పెట్టె కాదు, జాడీ

ఇంగ్లీషు మాటల్ని గ్రీకు పురాణ కథలతో నేర్చుకుంటే బాగా గుర్తుంటాయని చెప్పే పుస్తకాలూ, జిరాక్స్ నోట్సులూ ఇప్పుడు మా హనుమాన్ జంక్షన్‌లోనూ తిరుగుతున్నాయి. పైచదువులకి అమెరికా వెళ్ళాలనుకునే ఆడపిల్లలు జీఆర్ఈ కోసం వాటిని వల్లె వేస్తుంటారు. ఆ పరీక్షలోంచి వ్యతిరేక పదాల ప్రశ్నలు 2011లోనే తీసేశారు గానీ మాటల జాబితాల మీద మోజు మాత్రం పోలేదు. సందేహాలు తీర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే అమ్మాయిల పుణ్యమా అని ఇలాంటివి చాలానే చదివాను. పద్ధతిని తప్పు పట్టను. కథతో కలిసి వచ్చిన మాట మనసులో పాతుకుంటుంది. నా పేచీ అంతా ఆ కథని ఎక్కడ ఆపేస్తున్నారన్న దాని గురించే.

మాటల పుట్టుక వెతకడంలో ఉన్న సంతోషం నాకు తెలియనిది కాదు. మా ఊరి పేరే తీసుకోండి. కూడలిలో ఆంజనేయస్వామి గుడి ఉంది కాబట్టి హనుమాన్ జంక్షన్. 2001లో సినిమా వచ్చాక బయటివాళ్ళకి అది సినిమా పేరైంది, మాకు మాత్రం నూజివీడు బస్సు కోసం ఎండలో నిలబడే చోటు. సంస్కృతంలో 'హను' అంటే దవడ. ఇంద్రుడి వజ్రాయుధం తగిలి దవడ విరిగినవాడు హనుమంతుడు. గ్రీకులో దవడని 'గెనుస్' అన్నారు, ఇంగ్లీషులో గడ్డాన్ని 'చిన్' అంటారు. మూడూ ఒకే మూలం నుంచి పుట్టినవి. 'జంక్షన్' లాటిన్ మాట, కలపడం, కాడి కట్టడం అన్న అర్థం నుంచి వచ్చింది. మన 'యోగం', 'యుక్తం' దాని చుట్టాలే. అంటే బోర్డు మీద పక్కపక్కన ఉన్న ఆ రెండు మాటలదీ ఒకే భాషా కుటుంబం, మధ్యలో ఉన్న తెలుగువాళ్ళదే వేరే కుటుంబం! ఆ సంగతి ఎల్లిస్ 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంలో చేర్చిన తన వ్యాసంలో రుజువు చేశాడు. అందుకు సాక్ష్యంగా 'ఆంధ్రదీపిక' రాసిన మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య మాటల్ని ఉటంకించాడు. మామిడితోటల మధ్య పెరిగిన పిల్లలు ఆ ఇంటిపేరు విని నవ్వుతారు, ఇక మర్చిపోరు.

ఇంతవరకూ బాగానే ఉంది. స్త్రీల పేర్ల దగ్గరికి వచ్చేసరికి అదే పద్ధతి ఇంకో పని చేస్తోంది.

నోట్సుల్లో పండోరా గురించి ఒకటిన్నర వాక్యం ఉంటుంది: తెరవద్దన్న పెట్టె తెరిచి లోకంలోకి కష్టాలన్నిటినీ వదిలిన ఆడది. అయితే హెసియడ్ కావ్యంలో ఉన్నది పెట్టె కాదు, 'పిథోస్'. అంటే ధాన్యమో, నూనో, ద్రాక్షసారాయో నిలవ చేసుకునే పెద్ద మట్టి జాడీ. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ లాటిన్‌లో ఆ కథ చెబుతూ దాన్ని 'పిక్సిస్' చేశాడు, అంటే భరిణె. అప్పట్నుంచి యూరప్ అంతటా అది పెట్టే అయింది. ఈ తేడా చిన్నది కాదు. జాడీ మూత ఎవరి చేతిలో ఉంటుందో ఏటా ఆవకాయ పెట్టే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏడాది తిండికి పూచీ పడ్డ మనిషి జాడీ మూత తీయడంలో వింతేముంది? భరిణె అలా కాదు. అందులో రహస్యం ఉంటుంది, నగ ఉంటుంది, చూడకుండా ఉండలేని 'ఆడబుద్ధి' ఉంటుంది. జాడీని భరిణెగా మార్చినప్పుడు ఇంటి గింజల్ని కాపాడే మనిషి కాస్తా కుతూహలం ఆపుకోలేని మనిషైపోయింది.

హెసియడ్ ఏమీ స్త్రీల పక్షాన నిలిచినవాడు కాదు. ఆడజాతి మొత్తం మగవాళ్ళకి శిక్షగా వచ్చిందని రాసినవాడే. కానీ అతనికంటే వెనక్కి పోయే దారి ఆ పేరులోనే ఉంది. దేవతలంతా తలా ఒక కానుక ఇవ్వడం వల్ల పండోరా అయిందని హెసియడ్ అర్థం చెప్పాడు. 'అన్నీ ఇచ్చేది' అనే అర్థంలో అదే పేరు భూదేవికి కూడా ఉంది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక గ్రీకు పాత్ర మీద ఈమె పేరు 'అనెసిడోరా' అని ఉంది. కానుకల్ని పైకి పంపేది అని దానర్థం. పండోరా వెనక ఉన్నది నేలతల్లేనని జేన్ హారిసన్ 1903 నాటి తన పుస్తకంలో వాదించింది. ఇచ్చే దేవతని పుచ్చుకున్న బొమ్మగా మార్చిన సంగతి ఆ పేరు విడదీస్తేనే బయటపడుతుంది. మాటల మూలాలు నేర్పుతామనే పుస్తకాలు సరిగ్గా ఇక్కడే మూలాన్ని వదిలేస్తున్నాయి.

అరాక్నే సంగతి నన్ను మరీ బాధపెడుతుంది. 'అరాక్నిడ్: సాలెపురుగు జాతి. దేవతతో పోటీపడి పొగరు వల్ల సాలెపురుగైన నేతగత్తె పేరు మీద వచ్చింది.' అంతే. పోటీలో ఆమె ఏం నేసిందో ఏ నోట్సులోనూ కనపడలేదు. ఓవిడ్ దాన్ని వివరంగా చెప్పాడు. ఎద్దు రూపంలో యూరోపాని ఎత్తుకుపోయిన జూపిటర్, హంసగా లీడా దగ్గరికి వచ్చిన జూపిటర్, ఇలా దేవుళ్ళు మారువేషాల్లో స్త్రీల మీద చేసిన దౌర్జన్యాలన్నిటినీ ఆమె వరసగా బట్టలోకి ఎక్కించింది. ఆ పనిలో దేవతకి కూడా తప్పు దొరకలేదు. దొరకకే బట్ట చింపేసి నాడెతో ఆమె నుదుటి మీద కొట్టింది. అరాక్నే నేసింది ఒక ఫిర్యాదు. ఫిర్యాదు చిరిగిపోయింది, ఎనిమిది కాళ్ళు మిగిలాయి. అన్నట్టు, ఎద్దు ఎత్తుకుపోయిన ఆ యూరోపా పేరే ఒక ఖండానికి ఉంది. దాన్ని నోట్సులో 'ప్రేమకథ' అని రాశారు.

అన్నీ ఇలాగే ఉన్నాయంటే అన్యాయం. హైజీన్ ఆరోగ్య దేవత హైజియా పేరు, మ్యూజిక్, మ్యూజియం మ్యూజ్ దేవతల పేరు. అయినా మామూలు మనిషిగా పుట్టి ఎదురు తిరిగిన స్త్రీకి ఆ గౌరవం దక్కిన ఉదాహరణ ఈ జాబితాల్లో నాకు కనబడలేదు.

గ్రీకు పురాణాల్లోంచి బయటికొచ్చినా ఇదే వరస. మన దేశంలో తరాల తరబడి అమ్ముడవుతున్న నార్మన్ లూయిస్ పుస్తకం 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' 1949 నాటిది. నేనూ దాంతోనే ఇంగ్లీషు నేర్చుకున్నాను, దాని మేలు మరవను. మనుషుల రకాల్ని చెప్పే పాఠంలో 'విరాగో' ఉంటుంది, నోరు పెట్టుకుని బతికే ఆడదని. పిల్లలు మార్జిన్‌లో 'గయ్యాళి' అని రాసుకుంటారు. దాని మూలం లాటిన్ 'విర్', మగవాడు. మన 'వీర'కి దగ్గర బంధువు. విరాగో అంటే మొదట అక్షరాలా వీరనారి! లండన్ స్త్రీవాదులు 1973లో తమ ప్రచురణ సంస్థకి ఆ పేరే పెట్టుకున్నారు. దానికి పర్యాయపదంగా జాబితాల్లో కనిపించే 'టెర్మగంట్' కథ ఇంకా చిత్రం. మధ్యయుగపు యూరప్ నాటకాల్లో అరుస్తూ గంతులేసే ఒక కల్పిత మగదేవుడి పేరు అది. ఆ దేవుణ్ణి జనం మర్చిపోయారు, అరుపులు మాత్రం ఆడవాళ్ళ ఖాతాలో వేశారు.

పురాణాల నుంచి మాటలు నేర్చుకోవడం తెలుగువాళ్ళకి కొత్త కాదు. భగీరథ ప్రయత్నం, భీష్మ ప్రతిజ్ఞ, రామబాణం. మగవాళ్ళ పేర్లు పనులతో జతపడి నిలిచాయి. శకుని, సైంధవుడు లాంటి తిట్లు వాళ్ళకీ ఉన్నాయి, అవి కూడా వాళ్ళు చేసిన పనికి తగిలించినవే. తాటకి, లంకిణి, శూర్పణఖ అన్నప్పుడు ఏ పనీ గుర్తు రాదు, ఒంటి తీరూ గొంతూ మాత్రమే గుర్తొస్తాయి. పురాణం దాకా కూడా పోనక్కర్లేదు. 1994లో పోయిన సూర్యకాంతం పేరు మన కళ్ళ ముందే తిట్టుగా మారింది. ఆ పేరు కూతురికి పెట్టడానికి తల్లిదండ్రులు జంకారని చెప్పుకుంటారు. ఎంత గొప్ప నటి అయితే పాత్ర అంతగా అంటుకుంటుందనే మెచ్చుకోలు ఒకటి ఉంది గానీ, దుర్యోధనుడిగా మెప్పించిన నటుడి పేరు తిట్టు కాలేదు కదా.

అందుకే ఈ పిల్లలకి మాటల జాబితాతో పాటు ఓల్గా 'విముక్త' కూడా ఇస్తున్నాను. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం అది. అందులో 'సమాగమం' కథలో సీత కలుసుకునే శూర్పణఖ అందమైన తోట పెంచుతూ ఉంటుంది. ముక్కూ చెవులూ పోయిన మనిషికి చేతులు మిగిలే ఉన్నాయని మనకి అంతకుముందు తట్టలేదు. శూర్పణఖ అంటే చేటల్లాంటి గోళ్ళున్నది అని వ్యుత్పత్తి. ఆ చేతుల్నే తీసుకుని ఓల్గా మట్టిలో పెట్టింది. ఇది నిఘంటువు చేయాల్సిన పనే, కథ చేసింది. ఒక్క మాటే నా అభ్యంతరం. ఆ కథలో శూర్పణఖ మరీ తొందరగా శాంతంగా కనిపిస్తుంది. ఆ శాంతికి ముందు ఆమె పడ్డ కోపం నాకు ఇంకా వినాలని ఉంటుంది.

ఆ కథ చదివాక అరాక్నే గురించిన ఆ రెండు ముక్కలూ చూపిస్తే, ఇంతకీ ఆమె నేసిందేమిటి మేడమ్ అని వాళ్ళే అడుగుతున్నారు. నోట్సులో జవాబు లేదు. ఓవిడ్‌ని తెరిచి చదువుకోవాల్సి వస్తోంది.