చిన్న హాన్సు చెప్పినదెంత, చెప్పించినదెంత?

ఆడ మగ భేదాన్ని పసిపిల్లలు ఎట్లా గ్రహిస్తారనే ప్రశ్నను పెద్దలు చాలాకాలం నవ్వి తోసివేశారు. పిల్లలు కూడా ఆలోచిస్తారనీ, తెలిసిన కొద్దిపాటి విషయాల నుండి సిద్ధాంతాలు అల్లుకొంటారనీ 1908లో వ్రాసినవాడు వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఈ ఘనత ఆయనకు దక్కవలసిందే. చిక్కంతా ఆయన చూపిన సాక్ష్యంలో ఉన్నది.

ఆ సాక్ష్యంలో ముఖ్యమైనది 1909లో వెలువడిన 'చిన్న హాన్సు' వృత్తాంతం. అయిదేండ్ల ఆ బాలునికి గుర్రాలంటే భయం పట్టుకొన్నది. అందరి శరీరమూ తనవంటిదేనని బాలుడు మొదట నమ్మాడనీ, చెల్లెలిని చూచిన మీదట తనకూ అంగచ్ఛేదం జరుగునేమోనని బెదరాడనీ, గుర్రం తండ్రికి ప్రతిరూపమనీ ఫ్రాయిడ్ వివరించాడు. కాని చికిత్సాకాలంలో ఆయన బాలుని చూచినది ఒక్కసారే. ప్రశ్నలు వేసినదీ, జవాబులు వ్రాసి పంపినదీ తండ్రి; ఆ తండ్రి ఫ్రాయిడ్ అనుచరుడు! బాలుడు తానై చెప్పలేని సంగతులు అనేకం అతనికి చెప్పవలసి వచ్చిందని ఫ్రాయిడే ఒప్పుకొన్నాడు. ఉష్ణమాపకపు బుడ్డిని అరచేత పట్టుకొని గది వేడిమి కొలిచిన విద్యార్థికి ఏ ఉపాధ్యాయుడు మార్కులు వేస్తాడు?

బండి లాగుతున్న గుర్రం వీధిలో కూలిపోవడం ఆ బాలుడు కళ్ళారా చూచాడు. భయం అప్పుడే మొదలైందని తానే చెప్పాడు. 1960లో వోల్పే, రాక్‌మన్ ఈ సంగతినే ఎత్తిచూపారు. ఇంత దగ్గర కారణముండగా అంత దూరం పోనేల?

1925లో ఫ్రాయిడ్, ఆడపిల్ల భేదాన్ని చూచినంతనే తనకు లోటున్నదని భావిస్తుందన్నాడు. మరుసటి ఏడే కారెన్ హార్నీ ఎదురు చెప్పింది. ఆమె కూడా మనోవిశ్లేషకురాలే. ఆడపిల్లలను గురించి మగపిల్లలు ఊహించుకొనేదీ, ఈ సిద్ధాంతం చెప్పేదీ ఒక్కటిగానే ఉన్నాయని ఆమె ఆక్షేపణ. దీనికి సరియైన సమాధానం రాలేదనే చెప్పాలి.

పిల్లలనే సూటిగా అడిగిన పరిశోధనలు తరువాత వచ్చాయి. 1989లో అమెరికాలో శాండ్రా బెమ్ మూడు నుండి అయిదేండ్ల పిల్లలకు ఛాయాచిత్రాలు చూపింది. గౌను తొడిగినా బాలుడు బాలుడేనని గ్రహించినవారు, శరీరభేదం తెలిసిన పిల్లలలో నూటికి 74 మంది. తెలియనివారిలో 11 మందే. తక్కిన పిల్లలకు జుట్టూ దుస్తులే గుర్తులు. శరీరభేదం తెలియడం ఇక్కడ పిడుగుపాటు కాదు, తికమక తీర్చే సమాచారం. పుట్టువెంట్రుకలు తీయించకముందు మగపిల్లలకు జడవేసి పూలు ముడిచే తెలుగు ఇండ్లలో ఈ ప్రశ్న అడిగితే ఏమి జవాబులు వస్తాయో! అడిగేవారు జవాబు అందించకుండా ఉండాలి మరి.