కారు మిగిలింది, వీధి పోయింది: ‘ఇన్‌స్పెక్టర్ మోర్స్’ ధారావాహికలో గతకాలపు బెంగ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాత బ్రిటిష్ కార్లపై ఇంగ్లండులో నేడు కనిపించే మమకారంలో యంత్రాలపై ఇష్టంతోపాటు, అవి తిరిగిన వీధులు మళ్లీ కనిపించాలన్న ఆకాంక్ష కూడా ఉంది. ఈ ఆకాంక్షకు దృశ్యరూపం ఇచ్చిన వాటిలో 1987 నుండి 2000 వరకు ప్రసారమైన ‘ఇన్‌స్పెక్టర్ మోర్స్’ టెలివిజన్ ధారావాహిక ముఖ్యమైనది. కోలిన్ డెక్‌స్టర్ నవలలు ధారావాహికగా మారిన క్రమంలో కథానాయకుని కారు మారిపోయింది. ఆ మార్పును ఆధారంగా తీసుకొని, ఈ జ్ఞాపకం దేనిని నిలుపుకొంది, దేనిని విడిచిపెట్టింది అనే విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బెంగ, జ్ఞాపకం, అపరాధ పరిశోధన నవల, అనుసరణ, ఆక్స్‌ఫర్డ్, కౌలీ, జాగ్వార్, అంబాసిడర్.

1. ఉపోద్ఘాతం:

‘నాస్టాల్జియా’ అనే మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో రూపొందించాడు. సొంత ఊరికి దూరమైనవారికి కలిగే జబ్బుకు అతడు పెట్టిన పేరు అది. కాలక్రమంలో ఆ మాట వైద్యం నుండి సాహిత్యానికి, దూరమైన ఊరి నుండి దూరమైన కాలానికి మళ్లింది. తెలుగు విమర్శలో దీనికి ‘గతస్మృతి’, ‘గతకాలపు మమకారం’ వంటి పర్యాయాలు వాడుకలో ఉన్నాయి. అయితే హోఫర్ ఉద్దేశించిన తొలి అర్థానికి దగ్గరగా ఉన్న తెలుగు మాట ‘బెంగ’. పుట్టింటిపై బెంగ పెట్టుకొన్న కోడలు చిక్కిపోతుంది. తల్లిపై బెంగతో పిల్లవాడికి జ్వరం వస్తుంది. బెంగ శరీరాన్ని తాకుతుంది. అంతకన్నా గమనించవలసినది, ఈ అర్థంలో బెంగ సాధారణంగా మనిషిపైనో, ఇంటిపైనో, ఊరిపైనో ఉంటుంది. వస్తువుపై ఉండేది ఇష్టం, మమకారం, మోజు. వస్తువును చూసి బెంగ కలిగితే, ఆ వస్తువు వెనుక ఒక మనిషి ఉన్నట్టే లెక్క.

ఈ భేదం పాత కార్ల జ్ఞాపకాన్ని పరిశీలించడానికి ఒక గీటురాయిగా ఉపయోగపడుతుంది. కారును తలచుకొన్నప్పుడు ఎవరు గుర్తుకు వస్తున్నారు? ఎవరు గుర్తుకు రావడం లేదు?

2. 1975 నాటి వీధి:

కథానాయకుడు మోర్స్ తొలిసారి కనిపించే నవల ‘లాస్ట్ బస్ టు ఉడ్‌స్టాక్’ 1975లో వెలువడింది. ఈ నవల బస్సు కోసం ఎదురుచూపుతో ఆరంభమవుతుంది. ఉడ్‌స్టాక్ వెళ్లవలసిన ఇద్దరు యువతులు బస్సు రాక, దారినపోయే కారులో లిఫ్ట్ అడగాలనుకొంటారు. వారిలో ఒకరు ఆ రాత్రి ఒక మద్యశాల ఆవరణలో శవమై కనిపిస్తుంది. కథకు కీలకమైన ప్రశ్నలు బస్సు చుట్టూ, లిఫ్ట్ చుట్టూ తిరుగుతాయి. కారు ఇక్కడ అందమైన వస్తువు కాదు, అనుమానించవలసిన వస్తువు. కారు లేనివారి కళ్లతో చూసిన వీధి ఈ నవలలో ఉంది.

అదే 1975లో ‘ఫాల్టీ టవర్స్’ హాస్య ధారావాహికలోని ‘గూర్మే నైట్’ భాగం ప్రసారమైంది. విందుకు వంటకాలు తేవడానికి బయలుదేరిన హోటలు యజమాని బేసిల్ ఫాల్టీ కారు, ఆస్టిన్ 1100, నడివీధిలో ఆగిపోతుంది. అతడు దానిని తిట్టి, బెదిరించి, చివరకు ఒక చెట్టుకొమ్మ తెచ్చి బాదుతాడు. ఈ దృశ్యానికి ప్రేక్షకులు నవ్వడానికి కారణం అతిశయోక్తి ఒక్కటే కాదు. ఆగిపోయే కారు నాటి ఇంగ్లండు ఇళ్లలో నిత్యానుభవం. ఆస్టిన్, మోరిస్, జాగ్వార్, ట్రయంఫ్, రోవర్ పేర్లన్నీ 1968లో బ్రిటిష్ లేలాండ్ అనే ఒకే సంస్థ కిందికి చేరాయి. నష్టాలతో, సమ్మెలతో కుంగిన ఆ సంస్థను 1975లోనే ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకొంది.

నవలలో భయం, హాస్యంలో విసుగు, పరిశ్రమలో పతనం. ఈ మూడూ ఒకే సంవత్సరానివి. నేడు ముచ్చటగా తలచుకొంటున్న కార్లు వీధి నిండా ఉన్న రోజుల్లో వాటిపై ఉన్న భావన ఇది.

3. లాన్సియా నుండి జాగ్వార్‌కు:

డెక్‌స్టర్ తొలి నవలల్లో మోర్స్ నడిపేది లాన్సియా, అంటే ఇటలీ కారు. 1987లో ధారావాహిక మొదలైనప్పుడు జాన్ థా పోషించిన మోర్స్‌కు ముదురు ఎరుపు జాగ్వార్ మార్క్ 2 ఇచ్చారు. ఆ నమూనా 1959లో వెలువడింది. ధారావాహిక నాటికి దాని తయారీ ఆగి రెండు దశాబ్దాలు కావస్తోంది. ధారావాహిక ప్రభావం ఎంత బలమైనదంటే, నవలల తరువాతి ముద్రణల్లో లాన్సియా స్థానంలోకి జాగ్వార్ వచ్చింది. అనుసరణ మూలాన్ని దిద్దిన అరుదైన సందర్భం ఇది. ఈ కథలో జాగ్వార్ ‘ఎప్పటినుంచో’ ఉన్నదని పాఠకుడు నమ్ముతాడు. నిజానికి ఆ ‘ఎప్పటినుంచో’ 1987లో మొదలైంది. గతకాలపు బెంగ గతాన్ని గుర్తుచేయడంతో ఆగక, అవసరమైతే దానిని తిరగరాస్తుందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

అనుసరణలో మరొక మార్పు జరిగింది. నవలల్లో సార్జెంట్ లూయిస్ వేల్స్ ప్రాంతీయుడు, మోర్స్ కన్నా వయసులో పెద్ద. ధారావాహికలో అతడు ఇంగ్లండు ఈశాన్య ప్రాంతపు యువకుడు. నటుని ఎంపికకు అనుగుణంగా జరిగిన మార్పే కావచ్చు. అయినా ఆక్స్‌ఫర్డ్ చరిత్రలో వేల్స్ మనిషికి ఉన్న స్థానాన్ని బట్టి చూస్తే ఈ లోపం చిన్నది కాదు. దానికి కారణం తరువాతి భాగంలో స్పష్టమవుతుంది.

1987లోనే రాబర్ట్ హ్యూయిసన్ ‘ది హెరిటేజ్ ఇండస్ట్రీ’ అనే గ్రంథం ప్రచురించాడు. బ్రిటన్ వస్తువులను తయారుచేయడం మాని, వారసత్వాన్ని తయారుచేసి అమ్ముతోందని ఆ గ్రంథం చేసిన ఆరోపణ. అదే ఏడాది ఆరంభమైన మోర్స్ ధారావాహికకు ఇది సరిగ్గా అన్వయిస్తుంది. కర్మాగారం క్షీణించిన కొద్దీ కారు కళాఖండమైంది.

4. వీధి నిండా ఉన్నవి:

జాగ్వార్ కోవెంట్రీ నగరంలో తయారైన కారు. ఆక్స్‌ఫర్డ్‌కు సొంత కార్లు ఉన్నాయి. సైకిళ్ల మరమ్మతుతో జీవితం ప్రారంభించిన విలియం మోరిస్ 1913లో తన తొలి కారుకు ‘మోరిస్ ఆక్స్‌ఫర్డ్’ అని పేరు పెట్టాడు. నగరానికి ఆగ్నేయంగా ఉన్న కౌలీలో కర్మాగారం విస్తరించింది. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనర్ 1948లో అక్కడినుండే వచ్చింది. సుమారు 16 లక్షల మైనర్లు తయారయ్యాయి. పది లక్షలు దాటిన తొలి బ్రిటిష్ కారు అదే. జాగ్వార్ మార్క్ 2 సంఖ్య లక్షకు లోపే. కాబట్టి వీధిని నింపినది మైనర్. తెర మీద వీధికి ప్రతినిధిగా నిలిచినది జాగ్వార్. నర్సు, పూజారి, ఉపాధ్యాయుడు కొనగలిగిన బండి పక్కకు తప్పుకొని, కొద్దిమంది బండి అందరి జ్ఞాపకమైంది.

కార్లను తయారుచేసినవారి సంగతి మరింత మరుగున పడింది. 1930లలో దక్షిణ వేల్స్ బొగ్గుగనుల్లో పని పోగా, వేలమంది కౌలీకి వలస వచ్చారు. 1934లో ప్రెస్డ్ స్టీల్ కర్మాగారంలో జరిగిన సమ్మె ఆ వలస కార్మికుల చైతన్యానికి గుర్తు. అదే 1934లో ఉత్తర ఆక్స్‌ఫర్డ్‌లోని కట్స్‌లోలో పురపాలక సంఘం ఇచ్చిన ఇళ్లవారు తమ వీధిలోకి రాకుండా, పక్కన ఇళ్లు కట్టి అమ్మిన సంస్థ వీధికి అడ్డంగా గోడలు కట్టింది. మనిషి ఎత్తును మించి, పైన ఇనుప మేకులతో నిలిచిన ఆ గోడలు పూర్తిగా కూలింది 1959లో. మినీ కారు, జాగ్వార్ మార్క్ 2 వెలువడినది కూడా ఆ సంవత్సరమే. కార్ల చరిత్రలో 1959 పండుగ సంవత్సరం. వీధి చరిత్రలో అది గోడ కూలిన సంవత్సరం. మొదటిది ఎల్లరికీ తెలుసు. రెండవది స్థానిక చరిత్రకారులకు, ఆ వీధివారికి మాత్రమే తెలుసు.

5. వీధి కోరుకొన్నది:

కార్లతో కళకళలాడిన వీధి అన్న ఊహను ఆనాటి పత్రాలు సమర్థించవు. ఆక్స్‌ఫర్డ్ హై స్ట్రీట్‌లో వాహనాల రద్దీని తగ్గించడానికి క్రైస్ట్ చర్చ్ మైదానం మీదుగా రోడ్డు వేయాలన్న ప్రతిపాదన 1940ల నుండి దశాబ్దాలపాటు వివాదంగా నలిగి చివరకు విరమించబడింది. 1963లో కోలిన్ బుకానన్ నివేదిక ‘ట్రాఫిక్ ఇన్ టౌన్స్’ కార్ల వరదకు పట్టణాలు తట్టుకోలేవని దేశాన్ని హెచ్చరించింది. 1973లో ఆక్స్‌ఫర్డ్ ఊరి వెలుపల కార్లు నిలిపి బస్సులో లోపలికి వచ్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. 1999లో పగటివేళ సాధారణ కార్ల రాకపోకలను హై స్ట్రీట్‌లో నిలిపివేశారు. మరుసటి ఏడాది మోర్స్ ధారావాహిక ముగిసింది. కార్లు వీధి విడిచిన కాలమూ, కారు తెరపై ఆరాధ్యమైన కాలమూ ఒకటే కావడం ఇక్కడ గమనార్హం.

6. ‘ఆక్స్‌ఫర్డ్’ పేరు మరచిన ఆక్స్‌ఫర్డ్ బండి:

కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి 1950ల చివర పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకు చేరి ‘హిందుస్తాన్ అంబాసిడర్’ అయింది. 2014 వరకు దాని తయారీ సాగింది. ఆక్స్‌ఫర్డ్ డిటెక్టివ్ కోవెంట్రీ కారెక్కగా, ఆక్స్‌ఫర్డ్ కారు భారతదేశపు వీధుల్లో అర్ధశతాబ్దానికి పైగా బతికింది. ఇంగ్లండులో ఆ నమూనాపై చెప్పుకోదగిన బెంగ లేదు. తెలుగు ప్రాంతాల్లో అంబాసిడర్ అనగానే తెల్ల బండిలో దిగే కలెక్టరు, అద్దెకు మాట్లాడుకొన్న పెళ్లి కారు, వెనుక సీటులో ఒకరి ఒడిలో ఒకరు కూర్చున్న బంధువులు, రోగిని పట్నం ఆసుపత్రికి చేర్చిన డ్రైవరు గుర్తుకు వస్తారు. ఈ జ్ఞాపకంలో మనుషులు ఉన్నారు కనుక దీనిని బెంగ అనవచ్చు.

అయినప్పటికీ ఈ జ్ఞాపకమూ నిర్దోషమైనది కాదు. కారు కోసం ఏళ్ల తరబడి వేచి ఉండవలసిన లైసెన్సుల కాలం అందులో మసకబారింది. అంబాసిడర్‌లో ఎన్నడూ కాలు పెట్టని అధిక సంఖ్యాకులు ఎక్కినది ఎర్రబస్సు. ‘ఎర్రబస్సెక్కి వచ్చినవాడు’ అన్న మాట తెలుగులో ఎగతాళిగా స్థిరపడిందంటే, బస్సువారి అనుభవానికి జ్ఞాపకంలో దక్కిన విలువ ఎంతో తెలుస్తుంది. డెక్‌స్టర్ తొలి నవల శీర్షికలో బస్సు ఉన్నదన్న సంగతి ఈ సందర్భంలో తిరిగి స్మరించదగినది.

7. ఒక ఆక్షేపణ – సమాధానం:

స్వెత్లానా బోయిమ్ తన ‘ది ఫ్యూచర్ ఆఫ్ నాస్టాల్జియా’ (2001)లో గతస్మృతిని రెండు రకాలుగా విభజించింది. పోయినదానిని మళ్లీ నిలబెట్టాలనుకొనేది పునఃస్థాపక స్మృతి. పోయిందన్న ఎరుకతో దానిని మననం చేసుకొనేది మననాత్మక స్మృతి. మోర్స్ ధారావాహిక రెండవ కోవకు చెందినదని వాదించడానికి అవకాశం ఉంది. మోర్స్ ఒంటరి. సంగీతం, బీరు, పదవినోదం తప్ప అతనికి తోడు లేదు. పాత కారు అతని వైభవానికి కాక, కాలంతో కలవలేని అతని స్వభావానికి సంకేతం. చివరి భాగంలో అతడు మరణిస్తాడు. గతం తిరిగి వస్తుందన్న భ్రమ ఆ ముగింపులో లేదు. తొలి భాగానికి నేపథ్యమైన జెరికో కూడా శ్రామికులు నివసించిన చిన్న ఇళ్ల పేట. ఈ వాదంలో న్యాయం ఉంది. ధారావాహికలోని విషాదాన్ని తక్కువ చేయడం సరికాదు.

అయితే మననం చేసుకొనే మనిషి ఒక్కడే అయినప్పుడు, అతనికి గుర్తున్నదే అందరి గతంగా చలామణి అవుతుంది. దీని పర్యవసానం 2012 నుండి 2023 వరకు వచ్చిన పూర్వకథా ధారావాహిక ‘ఎండేవర్’లో కనిపిస్తుంది. 1965 నుండి 1972 వరకు నడిచే ఆ కథలో పాత కార్లు కొత్తవిగా తిరిగి వీధిలోకి వస్తాయి. మననం పునఃస్థాపనగా మారింది. పోలీసు స్టేషన్‌కు కౌలీ పేరు ఉండడం మెచ్చదగినదే. కాని చిత్రీకరణకు దొరికేవి యజమానులు దశాబ్దాలపాటు తుడిచి కాపాడుకొన్న బండ్లు. తుప్పుపట్టి పాత ఇనుముగా పోయినవి తెర మీదికి రాలేవు. అందువల్ల తెర మీది వీధి అసలు వీధికన్నా ఖాళీగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఇది దర్శకుల దోషం కాదు. మిగిలినవాటితోనే గతాన్ని కట్టవలసి రావడం జ్ఞాపకానికి ఉన్న పరిమితి. ఆ పరిమితిని గుర్తించి చూపడం విమర్శ బాధ్యత.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, పాత బ్రిటిష్ కార్లపై మమకారం ఆ కార్లు వీధిలో ఉన్న కాలపు అనుభవం నుండి నేరుగా పుట్టలేదు. పరిశ్రమ క్షీణించిన తరువాత 1980లలో రూపుదిద్దుకొంది. రెండవది, ఆ మమకారం వీధిని నింపిన మైనర్‌ను కాక అరుదైన జాగ్వార్‌ను ఎంచుకోవడంలో వర్గదృష్టి ఇమిడి ఉంది. బస్సు కోసం నిలబడినవారు, కౌలీలో రేకులు వంచినవారు, కట్స్‌లో గోడకు అవతల ఉన్నవారు ఆ ఎంపికలో తప్పిపోయారు. మూడవది, బోయిమ్ చెప్పిన రెండు రకాల స్మృతులు వేర్వేరు రచనలకే పరిమితం కావు. ఒకే కథ ఒక దశలో మననంగా మొదలై, మరొక దశలో పునఃస్థాపనగా మారగలదు.

తెలుగులో అంబాసిడర్, లూనా, చేతక్, ఎర్రబస్సు వంటి వాహనాల జ్ఞాపకాలు కథల్లోను, ఆత్మకథల్లోను విస్తారంగా వస్తున్నాయి. వాటిని పరిశోధించేవారు వాహనం పేరు, నమూనా, రంగు నమోదు చేయడంతో ఆగకుండా, దానిని నడిపినవారు, బాగుచేసినవారు, దానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకొన్నవారు ఆ రచనలో ఎక్కడ ఉన్నారో వెతకాలి. వారు కనిపించిన చోట అది బెంగ. కనిపించని చోట అది వస్తువుపై మోజు.