జాన్స్‌టౌన్ వరద: గ్రంథము, గుణపాఠము

ఎంత గట్టి మట్టికట్ట అయినను, అలుగు సరిగా పారనిచో నిలువదు. ఈ సంగతి మన రైతులకు తెలిసినదే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున దీనిని మరచినందువలన 1889 మే 31న 2,209 మంది మరణించిరి. ఆ చరిత్రను డేవిడ్ మెకల్లో 'జాన్స్‌టౌన్ ఫ్లడ్' అను గ్రంథముగా 1968లో వెలువరించెను.

జాన్స్‌టౌన్ పట్టణమునకు 14 మైళ్ళ ఎగువన, సౌత్ ఫోర్క్ వద్ద 72 అడుగుల ఎత్తుగల మట్టికట్ట ఉండెడిది. పడవల కాలువకు నీరిచ్చుటకై రాష్ట్ర ప్రభుత్వము దానిని కట్టించినది. తరువాత అది ప్రైవేటు వారి చేతికి పోయినది. 1875లో కొన్న ఆసామి, అడుగున ఉన్న తూము గొట్టములను తీసి పాత ఇనుముగా అమ్ముకొనెను. 1879లో అది ధనికుల విహార సంఘమునకు చేరినది. వారు పాత గండిని మట్టితో పాటు పొదలు, గడ్డి, గుఱ్ఱపు లద్దె వేసి పూడ్చిరి. తూము మరల పెట్టలేదు. బండ్లు పోవుటకు వీలుగా కట్ట తలను తగ్గించిరి. చేపలు జారిపోకుండ అలుగుకు ఇనుప జల్లెడలు బిగించిరి. నీరు వదలు మార్గము లేదని 1880లో ఒక ఇంజనీరు హెచ్చరించినను లెక్కచేయలేదు. పెనువాన వచ్చిననాడు జల్లెడలకు చెత్త అడ్డుపడినది; నీరు కట్ట తల మీదుగా పొర్లి, వెనుక వాలును కోసివేసినది.

మెకల్లో ఈ సంగతులను ఓపికగా సేకరించి, ఆనాటి ప్రతి గడియను కళ్ళకు కట్టినట్లు చెప్పెను. నెపమంతయు ప్రకృతి మీద వేయక, పెద్ద స్థానములలో ఉన్నవారు బాధ్యతగానే నడచుకొందురని నమ్ముటలోని ప్రమాదమును చూపిన తీరు మెచ్చదగినది.

అయితే విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఒక వెలితి తోచును. ఇందులో కథకున్నంత చోటు లెక్కకు లేదు. అలుగుపై పారు నీరు, లోతు యొక్క 1.5 ఘాతమును అనుసరించును. లోతు సగమైనచో ప్రవాహము సుమారు మూడవ వంతుకు పడిపోవును. కట్ట తల తగ్గినకొలది అలుగుపై నీరు నిలువగల లోతు తగ్గును గదా! కట్టను మార్చకున్నను తెగియుండెడిదని 1891లో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘపు నివేదిక పలికినది. 2016లో ప్రచురితమైన పరిశోధన దీనిని కాదన్నది. సుమారు 3 అడుగులు తగ్గించుటచే అలుగు శక్తి బాగుగా క్షీణించినదని, సరిగా ఉంచిన కట్ట ఆ వరదను తట్టుకొని యుండెడిదని తేల్చినది. నేటి పాఠకులు దీనిని చేర్చుకొని గ్రంథమును చదువవలెను.

ఈ పాఠము మనకును అవసరమే. మన దేశపు 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లు మించిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుండి 15 మీటర్ల వాటికి వర్తించును. అంతకు చిన్నవైన చెరువులు, సొంత పొలములలోని కుంటలు ఆ పరిధిలోనికి రావు. వానకాలమునకు ముందు వాటివద్ద చూడవలసినవి కొన్ని కలవు. అలుగుకు వలలు గాని ఇసుక బస్తాలు గాని అడ్డముగా ఉన్నవా? కట్టపై చెట్లు, ఎలుక బొరియలు పెరిగినవా? దిగువ వాలున ఊట తేటగా ఉన్నదా, బురదగా ఉన్నదా? బురద ఊట, లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదనుటకు గుర్తు.

ఈ గ్రంథమును తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు, మరునాడు విద్యార్థులను ఊరి చెరువు అలుగు వద్దకు తీసికొనిపోయినచో దాని వెలితి తీరును.