డిక్కీలో దాగిన లెక్క

కారు డిక్కీ తెరిచి ఉంది. లోపల నల్ల కార్పెట్ అంటించిన చెక్కపెట్టె, దానికి పన్నెండంగుళాల సబ్‌వూఫర్లు రెండు. వైరింగ్ చేసే కుర్రాడు ఇంకా యాంప్లిఫయర్ జోలికి పోలేదు. చొక్కా జేబులోంచి ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ తీశాడు. రెండు వైరు ముక్కలతో దాన్ని మొదటి సబ్‌వూఫర్ టెర్మినళ్లకు ఒక్క క్షణం తాకించాడు. కోన్ టప్పుమని బయటికి ఉబికింది. రెండోదానికి అలాగే తాకిస్తే అది లోపలికి పోయింది. కుర్రాడు మాట్లాడకుండా ఆ రెండో సబ్‌వూఫర్ తీగల్ని అటుదిటు ఇటుదటు మార్చి మళ్లీ తాకించాడు. ఈసారి అదీ బయటికే వచ్చింది.

ఆ పరీక్ష చేయకపోతే ఒక సబ్‌వూఫర్ గాలిని ముందుకు తోసే సమయానికే పక్కది వెనక్కి లాగేది. రెండూ ఊగుతూనే ఉండేవి, బేస్ మాత్రం వినపడేది కాదు. కారు యజమాని యాంప్లిఫయర్ మంచిది కాదనుకుని ఇంకోటి కొనేవాడు.

కారులో పాట వినాలన్న సరదా పాతదే. 1930లో షికాగోలో గాల్విన్ సోదరుల సంస్థ కారు రేడియో తయారుచేసి దానికి మోటరోలా అని పేరు పెట్టింది. తర్వాత ఆ పేరే సంస్థ పేరైంది. అయితే గుండెకు తగిలే బేస్ కారులోకి రావడానికి ఇంకో నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1973లో ఆరిజోనాలో జిమ్ ఫాస్‌గేట్ కారు కోసమే ప్రత్యేకంగా యాంప్లిఫయర్ తయారుచేశాడు. 1980లో ఓక్లహోమా రాష్ట్రంలోని స్టిల్‌వాటర్‌లో స్టీవ్ ఇర్బీ సంస్థ బండ్లలో పెట్టుకునేందుకు కిక్కర్ స్పీకరు పెట్టెను తెచ్చింది. అదే ఏడాది జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషిన్ విడుదల చేసింది. దాని కిక్ డ్రమ్ సాగే మోత ఫ్లోరిడా కుర్రాళ్ల పాటలకు ప్రాణమై, ఆ బాణీకి మయామీ బేస్ అన్న పేరే స్థిరపడింది. కారు తలుపుల్లోని చిన్న స్పీకర్లకు ఆ మోతను పలికే శక్తి లేదు. అందుకే డిక్కీలో పెద్ద స్పీకర్లు బిగించడం అక్కడి గరాజుల్లో ఒక చేతిపనిగా ఎదిగింది. ఒకరి పక్కన నిలబడి మరొకరు నేర్చుకున్న పని ఇది.

తెలుగువాళ్ల చెవికీ ఈ పనితో సంబంధం ఉంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు చాలాచోట్ల గొంతు వెనక మరో పాటలా నడుస్తుంది. ఆ వాద్యం అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ శబ్దతరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైనే, అంటే మామూలు కారుకు రెట్టింపు. అంత పొడవు తరంగాన్ని పుట్టించాలంటే పెద్ద కోన్ బోలెడంత గాలిని కదపాలి. తలుపు స్పీకర్లలో విన్నవాళ్లు ఆ పాటను సగమే విన్నట్టు.

ఇక అసలు లెక్క. స్పీకరు కాయిల్ కరెంటుకు పెట్టే అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు. పెళ్లిపందిట్లో సీరియల్ లైట్లు కట్టినవాళ్లకు సిరీస్ అంటే వేరే చెప్పక్కర్లేదు: ఒకదాని తోక ఇంకోదాని తలకు కలుస్తుంది. ఇంట్లో బల్బులన్నీ పారలల్. సిరీస్‌లో అడ్డులు కూడతాయి. ఒకేలాంటి కాయిళ్లు పారలల్‌లో ఎన్ని కలిపితే అడ్డు అన్నో వంతుకు తగ్గుతుంది.

చాలా సబ్‌వూఫర్లలో ఒకటికి బదులు రెండు కాయిళ్లు ఉంటాయి. ఒక్కో కాయిల్ నాలుగు ఓమ్‌లు అనుకుంటే, ఆ కుర్రాడి ముందున్న రెండు సబ్‌వూఫర్లలో కలిపి నాలుగు కాయిళ్లు. నాలుగింటినీ పారలల్ చేస్తే మొత్తం ఒక ఓమ్. ఒక్కో సబ్‌వూఫర్‌లోని రెండింటినీ సిరీస్ చేసి ఎనిమిది చేసి, ఆ రెండు ఎనిమిదుల్నీ పారలల్‌లో కలిపితే నాలుగు. అన్ని కాయిళ్లకూ సమానంగా పవరు అందాలంటే ఈ సరుకుతో రెండు ఓమ్‌లు ఎంత తిప్పలు పడ్డా రావు. కానీ చేతిలో ఉన్న యాంప్ తన పూర్తి పవరును రెండు ఓమ్‌ల దగ్గరే ఇచ్చేదైతే? అప్పుడు కొనాల్సింది రెండు ఓమ్‌ల కాయిళ్ల సబ్‌వూఫర్లు. రెండూ రెండూ నాలుగు, అలాంటివి రెండు పారలల్‌లో పెడితే సరిగ్గా రెండు. అంటే వైరింగ్ మొదలయ్యేది డిక్కీలో కాదు, కొట్టులో బేరం కుదరకముందే.

ఈ ఒక్క సంగతి తెలియక జరిగే నష్టం అంతా ఇంతా కాదు. రెండు ఓమ్‌ల దాకా ఓర్చుకునే యాంప్‌కు ఒక ఓమ్ తగిలిస్తే అది తన తాహతుకు రెట్టింపు కరెంటు ఇవ్వబోతుంది. ముందు వేడెక్కుతుంది, తర్వాత ప్రొటెక్షన్ లైటు వెలిగించి ఆగిపోతుంది. ఆ రక్షణ సరిగా లేని నాసిరకమైతే లోపలి ట్రాన్సిస్టర్లే పోతాయి. యాంప్‌లోని రెండు చానెళ్లనూ కలిపి ఒకే లోడుకు కట్టినప్పుడు, అంటే బ్రిడ్జ్ చేసినప్పుడు, ఇంకో మెలిక ఉంది. బయట నాలుగు ఓమ్‌లు కట్టినా ఒక్కో చానెల్‌కు అది రెండుగానే కనబడుతుంది. మంచి పనివాడు కలిపాక మీటరు పెట్టి చూస్తాడు. నాలుగు ఓమ్‌ల కాయిల్ మీటరులో మూడు పైచిలుకు, మూడున్నర చూపిస్తే కంగారు పడడు. మీటరు కొలిచేది కాయిల్ తీగ అడ్డు మాత్రమే, పాట నడిచేటప్పటి అడ్డు అంతకన్నా ఎక్కువ.

యాంప్ పెట్టె మీద వాట్లు చూసి మోసపోనివాళ్లు తక్కువ. 3000 వాట్లని పెద్ద అక్షరాలతో ముద్రిస్తారు. యాంప్ పక్కనే ఉన్న ఫ్యూజులు నిజం చెబుతాయి. ముప్పై ఆంపియర్లవి రెండే ఉంటే మొత్తం అరవై. దాన్ని 13.8 వోల్టులతో గుణిస్తే 828. వేడిగా తక్కువ పోగొట్టే క్లాస్-డి రకం యాంప్ అయినా, లోపల అలా పోయేది ఐదో వంతు తీసేస్తే మిగిలేది 660 వాట్లు. నిలకడగా ఇవ్వగలిగేది దాదాపు అంతే.

బ్యాటరీ నుంచి డిక్కీకి వచ్చే తీగ దగ్గర చాలామంది పిసినారితనం చూపిస్తారు. వ్యవసాయ మోటారు నడిపిన రైతుకు ఈ బాధ తెలుసు: సన్నటి సర్వీసు వైరుతో దూరం లాగితే వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతుంది. కారులో ఉన్నదే పన్నెండు, పద్నాలుగు వోల్టులు. అందులో ఒక వోల్టు దారిలో పోయినా పెద్ద నష్టమే. 500 వాట్లిచ్చే క్లాస్-డి యాంప్ గట్టిగా మోగినప్పుడు దాదాపు 45 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో టన్నున్నర ఏసీ లాగేది పది కూడా ఉండదు. ఇంత కరెంటుకు నాలుగో గేజి రాగి తీగ కావాలి, అంటే 21 చదరపు మిల్లీమీటర్లు. బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవగ్గా దొరుకుతుంది. అదే మందంలో దాని అడ్డు రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు. పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది.

ఎర్త్ గురించి కూడా ఇంతే శ్రద్ధ కావాలి. యాంప్ నెగెటివ్ తీగ పొట్టిగా ఉండాలి, కారు బాడీకి బిగించే చోట రంగును సాండ్ పేపర్‌తో మెరిసే ఇనుము కనబడేదాకా గీకాలి. సీటు బెల్టు బోల్టును దీనికి వాడకూడదు, అది ప్రాణం కాపాడేందుకు బిగించింది. ఎర్త్ వదులుగా ఉంటే ఇంజిన్ రేజ్ చేసినప్పుడల్లా స్పీకర్లలో కూత వినిపిస్తుంది. పాటను మోసే ఆర్‌సీఏ తీగలు కారుకు ఒక పక్కన, పవరు తీగ మరో పక్కన పోవాలనడానికి కారణం కూడా ఆ కూతే.

చివరికి గెయిన్. యాంప్ మీది ఆ చిన్న స్క్రూను వాల్యూమ్ అనుకుని చివరికంటా తిప్పేవాళ్లే ఎక్కువ. స్టీరియో నుంచి వచ్చే సంకేతానికి యాంప్‌ను సరితూచే మీట అది. సరైన పద్ధతిలో స్పీకర్ల తీగలు విప్పి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతులో పెట్టి, 50 హెర్ట్జ్ పరీక్ష నాదం మోగిస్తూ యాంప్ చివర వోల్టేజీ కొలుస్తారు. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే ఎంత రావాలో తెలుస్తుంది. 500 వాట్లు, రెండు ఓమ్‌లు అయితే 31.6 వోల్టులు. అది రాగానే స్క్రూ వదిలేయాలి. అంతకు మించి తిప్పితే తరంగం తలా తోకా తెగిపోతుంది, కాయిల్ వేడెక్కి మాడిన వాసన వస్తుంది. ఆ వాసన ఒకసారి వచ్చిందంటే సబ్‌వూఫర్ పని చాలావరకు అయిపోయినట్టే.

ఇంత లెక్క తెలిసిన పనివాడికి దక్కే గౌరవం మాత్రం చాలా తక్కువ. బిల్లులో కూలి దగ్గరే బేరాలు. బ్రాండు పేరు అద్దం మీద స్టిక్కరవుతుంది, తీగలు కలిపినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఇది అన్యాయం. వెయ్యి రూపాయలు ఎక్కువ పోసి కొన్న యాంప్‌కన్నా వెయ్యి రూపాయలు ఎక్కువ తీసుకునే శ్రద్ధగల పనివాడివల్లే పాట బాగుంటుంది. అలాంటివాడు సబ్‌వూఫర్లకు 80 హెర్ట్జ్ దగ్గర గీత గీసి పై శబ్దాలను తలుపు స్పీకర్లకు వదిలేస్తాడు. అప్పుడు బేస్ వెనక డిక్కీలోంచి కాక పాటలోంచే వస్తున్నట్టుంటుంది, వీధివాళ్లను లేపేంత మోతా అక్కర్లేదు. మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా హద్దు 45 డెసిబెల్స్.

కొత్తగా వైరింగ్ చేయించుకున్నవాళ్లు షాపు నుంచి కదిలేముందు బానెట్ ఎత్తి ఒక్కటి చూసుకోవాలి: బ్యాటరీ నుంచి వెనక్కి పోయే పవరు తీగకు ఫ్యూజ్ ఎక్కడుంది? అది కాపాడేది యాంప్‌ను కాదు, తీగను. ఇంజిన్ గోడ రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ లేక తొక్క అరిగి తీగ బాడీకి తగిలిన రోజున మంట రాకుండా ఆపేది అదొక్కటే. ఆ ఫ్యూజ్ బ్యాటరీకి మూరెడు లోపే ఉండాలి. లేకపోతే డబ్బులిచ్చే ముందే మార్పించుకోండి.