బకెట్టెడు మొరం

మే నెల ఎండల కన్నా ఆగస్టు ముసురంటేనే నాకు భయం. కొండాపూర్‌లో మా నాలుగో అంతస్తు బాల్కనీలో నా భుజం దాకా ఎదిగిన సెరియస్ కాక్టస్ ఉంది. స్తంభంలా నిలువునా పెరిగే రకం. నడివేసవిలో కాస్త సన్నబడుతుంది, అంతే. ఒంటినిండా ఉన్న నిలువు మడతలు నీరు దొరికితే విచ్చుకుంటాయి, లేకపోతే ముడుచుకుంటాయి. ఆ ముడతలు చూసి గాభరాపడి రోజూ చెంబుడు నీళ్ళు పోసేవాళ్ళ దగ్గరే అది చచ్చిపోతుంది.

నా మొదటి మొక్కను అలాగే పోగొట్టుకున్నాను. కోకోపీట్‌లో వర్మికంపోస్టు దండిగా కలిపి పెట్టాను. రెండో వానాకాలంలో మొదలు గోధుమరంగుకి తిరిగి, నొక్కితే మాగిన అరటిపండులా వేలు లోపలికి దిగింది. ఒక్కో కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడుస్తూ, మచ్చలేని కండ కనబడేదాకా పైపైకి కోసుకుంటూ పోయాను. చివరికి జానెడు ముక్క మిగిలింది. ఇప్పుడు నా భుజం తాకుతున్నది ఆ జానెడే.

కోసిన ముక్కను వెంటనే నాటకూడదు. నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టి మూడు వారాలు వదిలేయాలి. గాటు ఎండి తోలులా పొర కట్టాకే కుండీలోకి. నాటాక కూడా పదిరోజుల దాకా నీళ్ళ మాట ఎత్తొద్దు. చేతులు కట్టుకుని కూర్చోవడమే ఇందులో కష్టమైన పని.

మరి దేంట్లో నాటాలి? అప్పుడే మా పక్క సందులో సెల్లార్ తవ్వుతున్నారు. బకెట్ పట్టుకుని వెళ్ళి అడిగాను. "మొరంల చెట్లేం పెరుగుతయి మేడమ్, ఎర్రమట్టి తీస్కపోండి" అన్నాడు టిప్పర్ డ్రైవరన్న. నాక్కావలసింది మొరమేనని చెబితే తానే పార అందుకుని నింపిచ్చాడు.

మాదాపూర్, గచ్చిబౌలి గుట్టల గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటిది. ఎండకీ వానకీ ఆ రాయి పుచ్చి, పలుకులు పలుకులుగా విడిపోతే మొరం. నీరు నిలవనివ్వదు, వేళ్ళకు గాలి ఆడనిస్తుంది. నేను జల్లెడపట్టి పొడి తీసేసి, మూడు పాళ్ళ పలుకులకు ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు కలుపుతాను. అడుగున పెద్ద చిల్లున్న మట్టికుండీ అయితే మరీ మంచిది. ఇంత మంచి నేలను టిప్పర్లకెత్తి పంపేసి, కొబ్బరిపీచు పొడి సంచుల లెక్కన కొనుక్కొస్తున్నాం. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను ఏకంగా ఎండలో పెట్టకండి. కాలిన మచ్చ మళ్ళీ పచ్చబడదు. రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. మడతల్లో దూదిలా పిండినల్లి కనిపిస్తే వేపనూనె చాలు.

అరిజోనా ఎడారిలోని సాగ్వారో కూడా ఈ కాక్టస్ కుటుంబంలోదే. మొదటి పదేళ్ళలో రెండంగుళాలు కూడా ఎదగదు. సైబర్ టవర్స్ తెరిచిన 1998లో అక్కడ మొలకెత్తినది ఈపాటికి మన నడుము దాకా కూడా వచ్చి ఉండదు. సెరియస్ అలా కాదు, ఏడాదికి అడుగు దాకా లేస్తుంది.

ఇది ఊపిరి పీల్చేది రాత్రిపూట. పగలు నీరు ఆవిరైపోకుండా రంధ్రాలు మూసేసుకుని, చీకటిపడ్డాక తెరుస్తుంది. రాత్రి పీల్చిన గాలిని పులుపుగా మార్చి దాచుకుని, ఎండ వచ్చాక వాడుకుంటుంది. పూసేదీ రాత్రే. పోయినేడు మొదటిసారి మొగ్గ వేసింది. ఏ రాత్రి విప్పుతుందో తెలియక రెండు రాత్రులు మేలుకున్నాను, మూడోరాత్రి నిద్రపట్టేసింది. రెండున్నరకి పక్క ఫ్లాట్ అబ్బాయి షిఫ్టు ముగించుకుని క్యాబ్ దిగి, కింద నుంచే ఫోన్ చేశాడు. "ఆంటీ, మీ బాల్కనీలో తెల్లగా ఏదో ఉంది, చూశారా?"

అరచేతికన్నా పెద్ద పువ్వు. ఎనిమిదింటికి వాలిపోయింది.

ఆ సెల్లార్ మీద ఇప్పుడు పన్నెండంతస్తులు లేచాయి. అప్పటి మొరం ఇంకో సంచీడు మా మెట్లకింద ఉంది. ఈ వారం ముసురు పట్టేలోపు కుండీని గోడవారకి జరిపి, కింది పళ్ళెం తీసేయాలి.